ఆదివారం వరస

మా అక్క కళ్ళకు ఏ లోపమూ లేదని నాకు ఆరు రోజుల ముందే తెలుసు. అయినా ఆ శనివారం పొద్దున ఆమెను వెంటబెట్టుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వరండాలో చెక్క బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. అక్క చేతిలో టోకెన్ చీటీ ఉంది. దాన్ని ఒకసారి కళ్ళకు దగ్గరగా, ఒకసారి దూరంగా పెట్టి చూస్తోంది.

"పధ్నాలుగే కదరా ఇది?" అంది.

"పధ్నాలుగే అక్కా."

"నువ్వు చూసి చెప్పు. నేను చెప్తే లెక్కలోకి రాదు ఇప్పుడు."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఈ సంగతి ఇన్నేళ్ళలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నాకు అనువైన చోటునుంచి మొదలుపెట్టాను. ఈసారి అసలు చోటునుంచి చెప్తాను.

నేను పనిచేసేది పెద్ద ఆసుపత్రిలో. దాన్ని అంటుకుని వైద్య కళాశాల, హాస్టళ్ళు, అయిదారు ల్యాబులు. అంతా కలిపి ఆరు వేల మంది, రెండు వేల కంప్యూటర్లు, వీళ్ళందరికీ బయటి ప్రపంచంతో ఉన్నది ఒకే ఒక్క ఇంటర్నెట్ లైను. ఆ రోజుల్లో అది మరీ సన్నం. పదకొండు దాటితే చాలు, ఒక్కో పేజీ తెరుచుకునే లోపు టీ తాగి రావచ్చు. నా గది కింది అంతస్తులో, లాండ్రీ పక్కన. యంత్రాల కోసం పెట్టిన ఏసీ చలికి ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని కూర్చునేవాణ్ణి. మా పై అధికారి నెట్‌వర్కు గురించి ఎవరడిగినా "గొట్టం ఎంత లావుంటే నీళ్ళు అంత వస్తాయి" అని మొదలుపెట్టేవాడు. ఆయనకు గొట్టాలాయన అని పేరు పెట్టింది నేనే. ఆయనకు ఈ సంగతి తెలియదు.

లైను లావు చేయించడం మా చేతిలో లేదు. ఇక మిగిలింది ప్రాక్సీ. అంటే మధ్యలో కూర్చునే యంత్రం. ఎవరు ఏ పేజీ అడిగినా ఆ కోరిక ముందు దాని దగ్గరికి వస్తుంది. అదే పేజీని అంతకుముందు ఇంకెవరో అడిగి ఉంటే నకలు దాని దగ్గర ఉంటుంది, అదే తీసి ఇచ్చేస్తుంది. బయటికి వెళ్ళే పని తప్పుతుంది. దీన్ని పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రెండు వేల కంప్యూటర్ల దగ్గరికీ తిరిగి, ఒక్కో దాంట్లో దీని చిరునామా రాసి, "ఇకనుంచి మీరు చూసేవన్నీ ఇలా వస్తాయి" అని ప్రతి మనిషికీ చెప్పడం. రెండోది, ఎవరికీ ఏమీ చెప్పకుండా దారి మధ్యలో దీన్ని కూర్చోబెట్టి, వచ్చే ప్రతి కోరికనీ పట్టుకోవడం. రెండోదాన్ని మా వృత్తిలో పారదర్శక ప్రాక్సీ అంటారు. అందరికీ పారదర్శకం అంటే దాపరికం లేనిది. మాకు పారదర్శకం అంటే కంటికి కనిపించనిది. తుడిచిన గాజు తలుపు నుదుటికి తగిలేదాకా అక్కడ ఉన్నట్టు తెలియదు చూడండి, అదీ.

పెద్ద హాల్లో సమావేశం పెట్టి గొట్టాలాయన దీని గురించి చెప్పాడు. డైరెక్టరుగారు కళ్ళద్దాల మీదినుంచి చూసి, "ఇదంతా పారదర్శకంగానే ఉంటుంది కదా?" అని అడిగారు.

"పూర్తిగా పారదర్శకం సార్!" అన్నాడు గొట్టాలాయన, ఛాతీ ముందుకు పెట్టి.

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన అడిగింది ఒకటి, ఈయన చెప్పింది ఇంకొకటి అని ఆ హాల్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లేచి చెప్పవచ్చు. నాకు నవ్వొచ్చింది, అంతే. మూడో వరసలో కూర్చున్న మా అక్క, పక్కావిడ భుజం తట్టి నన్ను చూపిస్తోంది. "మా తమ్ముడే" అంటోందని పెదాలు చూస్తేనే తెలిసిపోయింది. నేను కాలరు సర్దుకున్నాను.

ప్రాక్సీ బాగా పనిచేసింది, ఆ మాట దాచను. ఊరి చివర క్లినిక్కులకు స్కానింగు బొమ్మలు పంపడానికి ఇరవై నిమిషాలు పట్టేది నాలుగు నిమిషాలకు వచ్చింది. ఎందుకు వేగం పెరిగిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. అడిగిన వందలో ముప్పై ఒక్క పేజీలు నకళ్ళ నుంచే వెళ్తున్నాయి. గొట్టాలాయన దాన్ని నలభై చేయమన్నాడు. నాకూ ఆ అంకె మీద మోజు పుట్టింది. రెండు నియమాలు బిగించాను. ఒకటి, ఎన్నాళ్ళుగా మారని పేజీ అయితే అందులో సగం కాలం ఇంకా మారదని లెక్క వేసుకోవడం. రెండు నెలలుగా మారలేదా, ఇంకో నెలపాటు నకలే ఇవ్వు. రెండోది రిఫ్రెష్ బటన్. జనానికి అది నొక్కడం ఒక దురద. నొక్కినప్పుడల్లా యంత్రం బయటికి పరిగెత్తాలి. ఆ నొక్కుడుని లెక్కచేయవద్దని యంత్రానికి చెప్పాను. బటన్ ఎక్కడిదక్కడే ఉంటుంది. నొక్కితే తెర ఒక్క క్షణం తెల్లబడి మళ్ళీ పేజీ వస్తుంది. కొత్తగా వచ్చినట్టే ఉంటుంది, వచ్చేది పాత నకలే.

వారం తిరక్కుండా నలభై ఒకటి దాటింది. గొట్టాలాయన నా వీపు తట్టాడు.

అక్క అదే ఆవరణలో, మూడో అంతస్తు రక్త పరీక్షల ల్యాబులో టెక్నీషియన్. పద్దెనిమిదేళ్ళుగా మైక్రోస్కోపులో తలపెట్టి కణాలు లెక్కపెట్టడమే ఆమె పని. ఎడమ చేతిలో చిన్న కౌంటరు పట్టుకుని, కన్ను కదపకుండా, బొటనవేలితో దాని మీట టిక్కుటిక్కుమని నొక్కుతుంది. యంత్రం ఇచ్చిన లెక్క మీద డాక్టర్లకు అనుమానం వస్తే స్లైడు అక్క బల్ల దగ్గరికే వచ్చేది. కానీ ఉద్యోగం ఏటికేడు పొడిగించే కాంట్రాక్టే. ఊరికి అటువైపు ఉన్న కేంద్ర ల్యాబులో పర్మినెంటు పోస్టు ఒకటి పడింది. నలభై అయిదు నిండకూడదు. అక్కకు రెండు నెలల్లో నిండుతాయి. ఇదే ఆఖరి అవకాశం.

మొదటి జాబితాలో ఆమె పేరు వచ్చింది. ప్రాక్టికల్ పరీక్ష తేదీ వెబ్‌సైటులోనే పెడతామని, చూసుకునే బాధ్యత అభ్యర్థులదేనని వాళ్ళు ముందే చెప్పారు. ఇంట్లో కంప్యూటరు లేదు. అక్క ల్యాబులో ఖాళీ దొరికినప్పుడల్లా ఆ పేజీ తెరిచి చూసేది. 'పరీక్ష తేదీ త్వరలో ప్రకటిస్తాం' అని ఉండేది. రిఫ్రెష్ నొక్కేది. త్వరలో ప్రకటిస్తాం. మళ్ళీ నొక్కేది.

పన్నెండో తారీకు గురువారం పరీక్ష జరిగిపోయింది. ఆదివారం నాడు ఆమెతోపాటు జాబితాలో ఉన్న ఒకావిడ ఇంటికి ఫోను చేసి, "పరీక్షకి రాలేదేం? ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. అక్క సోమవారం పొద్దున ల్యాబు తాళం తీసీతీయగానే కంప్యూటరు ముందు కూర్చుంది. పేజీ మీద పరీక్ష తేదీ, సమయం, గది నంబరు అన్నీ ఉన్నాయి. రెండో తారీకునే పెట్టామని కింద రాసి కూడా ఉంది. నకలుకు మా యంత్రం ఇచ్చిన గడువు సరిగ్గా ఆ ముందురోజుతో తీరింది. కొత్త పేజీ లోపలికి వచ్చింది. మధ్యాహ్నం దాకా ఆమె ఎవరికి చూపించినా అందరికీ తేదీయే కనిపించింది.

నా గదికి ఫోను చేసింది.

"ఒరేయ్, వాళ్ళు తేదీని ఇవాళ పెట్టి, రెండు వారాల కిందటే పెట్టామని వేసుకుని ఉంటారా?"

"అలా ఎందుకు చేస్తారక్కా? నువ్వే సరిగ్గా చూసుకుని ఉండవు."

ఆ మాట అన్నప్పుడు నాకు నిజంగా ఏమీ తెలియదు. ఇందులో నేను మనస్ఫూర్తిగా చెప్పగలిగింది ఇదొక్కటే.

అక్క వాళ్ళకు ఉత్తరం రాసింది. గురువారానికి జవాబు వచ్చింది. జాబితాలో ముప్పై ఇద్దరు ఉన్నారని, ముప్పై ఒక్కరు ఆ పేజీ చూసుకునే వచ్చారని, పేజీ కనిపించలేదనడానికి ఆధారం ఏదైనా ఉంటే పరీక్ష జరిగిన ఇరవై ఒక్క రోజుల లోపు పంపితే మళ్ళీ పరిశీలిస్తామని రాశారు. అంటే వచ్చే నెల మూడో తారీకు దాకా. ఆ ఉత్తరం అక్క నాకు చూపించింది. నేను రెండుసార్లు చదివాను.

మా బావగారు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. పెద్ద పెద్ద పండితుల పుస్తకాల్లో తప్పులు పట్టిన మనిషి. ఆ సాయంత్రం ఆయన ఉత్తరం పక్కన పెట్టి, "అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవడం అంత తేలిక కాదోయ్ బావమరిదీ. కన్ను తనకు కావలసింది చదువుకుంటుంది. మీ అక్క త్వరలో, త్వరలో అనుకుంటూ దాన్నే చదువుకుంది" అన్నారు. వెటకారం చేయాలని కాదు, నిజంగా అలా జరుగుతుందని నమ్మి చెప్పారు. అక్క టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట ఆమె లోపల ఎక్కడో దిగబడిందని నాకు అనిపించింది.

మర్నాడు నా గదిలో కూర్చుని ఏదో వేరే పని చూస్తుంటే, బిగించిన ఆ రెండు నియమాలు తెర మీద కనిపించాయి. రెండు నెలలుగా మారని పేజీ, ఇంకో నెల. వేళ్ళ మీద లెక్కపెట్టాను. సరిగ్గా సరిపోయింది.

ప్రాక్సీ తన గుండా వెళ్ళిన ప్రతి కోరికనీ ఒక వరసగా రాసి ఉంచుతుంది. ఏ కంప్యూటరు, ఏ తేదీ, ఏ నిమిషం, ఏ పేజీ, బయటినుంచి తెచ్చిందా, నకలు ఇచ్చిందా. దాన్ని లాగ్ అంటాం. అది ఉన్నట్టు కూడా జనానికి తెలియదు. అందులో కేంద్ర ల్యాబు పేజీని వెతికితే ఒకే కంప్యూటరు నంబరుతో వరసలే వరసలు వచ్చాయి. రోజుకు ఎనిమిది, పది, ఒకరోజు పధ్నాలుగు. మొన్నటి సోమవారానికి ముందువాటి అన్నిటి చివరా ఒకటే మాట, నకలు. ఆ నంబరు అక్క కంప్యూటరుదే అయి ఉండకూడదని ఎంత కోరుకున్నానో.

తేల్చుకోవాలని ఆదివారం పొద్దున, ల్యాబు మూసి ఉన్నప్పుడు, సెక్యూరిటీ అతని పుస్తకంలో సంతకం పెట్టి, తాళంచెవి తీసుకుని వెళ్ళాను. కంప్యూటరు తనిఖీ అని చెప్పాను. అక్క కుర్చీలో కూర్చుని ఆ పేజీని ఒక్కసారి తెరిచాను. కిందికి దిగి లాగ్ చూశాను. అదే నంబరుతో కొత్త వరస ఒకటి పడి ఉంది. ఇరవై రెండో తారీకు, పదకొండు గంటల పదమూడు నిమిషాలు.

ఆధారం దొరికింది. మూడో తారీకుకు ఇంకా పదకొండు రోజులుంది. ఒక కాగితం మీద అచ్చు వేసి, సంతకం పెట్టి ఇస్తే చాలు.

ఇవ్వలేదు. ఎందుకివ్వలేదు అని నన్ను నేనే అడిగి అడిగి విసిగిపోయాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పుకునేవాణ్ణి, అది అబద్ధం. మహా అయితే గొట్టాలాయన రెండు చివాట్లు పెట్టేవాడు. అసలు సంగతి అక్క ముందు చిన్నబోవడం నాకు ఇష్టం లేకపోయింది. మూడో వరసలో "మా తమ్ముడే" అన్న మనిషికి, నీ పరీక్ష పోయింది నా వల్లేనని చెప్పాలి. రేపు చెప్దాం అనుకున్నాను. మర్నాడు కూడా అదే అనుకున్నాను.

ఈలోగా శనివారం వచ్చింది. కళ్ళ డాక్టరు గది తలుపు తీసే ఉంది. అక్క ఒక కన్ను మూసుకుని ఎదుటి గోడ మీద అక్షరాలు చదవడం వరండాలో నాకు వినిపిస్తోంది. పెద్దవి, చిన్నవి, ఇంకా చిన్నవి, అట్టడుగున చీమల్లాంటివి. ఒక్కటి కూడా తడబడలేదు.

"నా దగ్గరికొచ్చే కుర్రవాళ్ళు కూడా ఆ కింది వరస చదవలేరమ్మా. మీ కళ్ళకేం భయం లేదు" అన్నాడు డాక్టరు.

ఆ మాటకు ఎవరైనా సంతోషపడతారు. అక్క ముఖం పాలిపోయింది. దగ్గరి చూపుకు ఏవైనా అద్దాలు ఇమ్మని పట్టుబట్టింది. డాక్టరు కాదనలేక తక్కువ పవరువి రాసిచ్చాడు. బయటికి వస్తూ, "కళ్ళు కాకపోతే మరేమిటిరా?" అంది మెల్లగా. నేను ఆటో కోసం చూస్తున్నట్టు రోడ్డు వైపు తిరిగాను.

సోమవారం నుంచి అక్క ప్రతి స్లైడునూ పక్క బల్లావిడ చేత రెండోసారి చూపించడం మొదలుపెట్టింది. ఆవిడకు ఉన్న అనుభవం నాలుగేళ్ళు. ఒక్క లెక్క కూడా తేడా రాలేదు, అయినా ఆపలేదు. ఆ సంగతి తెలిసి నేను ఇక ఉండబట్టలేక గొట్టాలాయన గదికి వెళ్ళి అంతా చెప్పాను. అక్క అని చెప్పలేదు, ల్యాబులో ఒకావిడ అన్నాను. అక్కడ కూడా అంతే నా ధైర్యం.

ఆయన చెడ్డవాడు కాదు. శ్రద్ధగా విన్నాడు.

"చూడవయ్యా, దీన్ని తీసేస్తే మధ్యాహ్నానికి గొట్టం మూసుకుపోతుంది. స్కానింగు బొమ్మలు మళ్ళీ ఇరవై నిమిషాలు. అటు క్లినిక్కులో రోగి బల్ల మీద ఉంటాడు. ఒకావిడ పరీక్ష ఒకవైపు, అది ఒకవైపు. నువ్వే చెప్పు."

"తీసేయొద్దు సార్. రిఫ్రెష్ పనిచేయనిద్దాం. మధ్యలో ఇదొకటి ఉందని అందరికీ ఒక నోటీసు పెడదాం. నలభై ఒకటి కాస్తా ముప్పై ఒకటి అవుతుంది, అంతేగా."

"నోటీసు పెట్టావనుకో, రేపటినుంచి ప్రపంచంలో ఏ వెబ్‌సైటు పాడైనా జనం మన గుమ్మం దగ్గరే ఉంటారు. ఇప్పుడు చూడు, ఎంత హాయిగా ఉన్నామో. ఏది తేడా వచ్చినా ఆ వెబ్‌సైటు వాణ్ణి తిట్టుకుంటారు, లేకపోతే తమను తామే తిట్టుకుంటారు."

ఆయన తమాషాగా అన్న ఆ ఆఖరి మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. తమను తామే తిట్టుకుంటారు. మేం చేసిన యంత్రం గొప్పతనమంతా అదే. అది కనిపించదు కాబట్టి, తప్పు ఎప్పుడూ కనిపించే మనిషిదే అవుతుంది.

అంత తెలిసి కూడా "సరే సార్" అని బయటికి వచ్చాను. గురువారం మూడో తారీకు. ఆ సాయంత్రం అయిదు దాటాక నాకు ఒక రకమైన తేలిక కలిగింది. ఇక చెప్పినా ఒరిగేదేమీ లేదు కదా, చెప్పకపోతే ఏమైంది అనే తేలిక. నా బతుకులో నన్ను చూసి నేను అసహ్యించుకున్నది ఏదైనా ఉంటే ఆ సాయంత్రమే.

మళ్ళీ సోమవారం, ఆ నంబరు వరసలు ఎన్నాళ్ళ వెనక దాకా ఉన్నాయో చూద్దామని లాగ్ తెరిచాను. చెరిపేద్దామన్న ఆలోచన లేదని ఒట్టు వేయలేను. కేంద్ర ల్యాబు పేజీ కోసం కాకుండా ఆ కంప్యూటరు అడిగిన పేజీలన్నీ చూపించమన్నాను. అది నేను చూడకూడనిది. ఆమె వెతకడానికి టైపు చేసిన మాటలు కూడా ఆ వరసల్లో ఉన్నాయి. మతిమరుపు జబ్బు ఏ వయసులో మొదలవుతుంది. లేనివి ఉన్నట్టు చదవడం దాని లక్షణమా. తల్లికి ఉంటే కూతురికి వస్తుందా.

మా అమ్మ చివరి నాలుగేళ్ళు మమ్మల్ని గుర్తుపట్టలేదు. నన్ను పోస్టుమాన్ అనుకుని, రోజూ ఉత్తరాలేమైనా ఉన్నాయా అని అడిగేది. అన్నం తినిపించింది, స్నానం చేయించింది, తిట్లు తిన్నది అంతా అక్కే. అప్పుడు నేను హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను.

మర్నాడు పొద్దున మొదటి పనిగా, గొట్టాలాయనను అడగకుండానే, ఆ రెండు నియమాలు తీసేశాను. ఇంటర్నెట్ పేజీలు మధ్యలో ఒక యంత్రం గుండా వస్తాయని, అది లాగ్ రాస్తుందని నోటీసు టైపు చేసి అన్ని బోర్డులకూ అంటించాను. తర్వాత ఆ పేజీకి అక్క కంప్యూటరు నుంచి వెళ్ళిన వరసలన్నీ అచ్చు వేయమని ఆదేశం ఇచ్చాను. ఎన్ని ఉన్నాయో కూడా కంప్యూటరే లెక్కపెట్టి పైన వేసింది, రెండు వందల పన్నెండు. కాగితాలు మడిచి పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాను. వాటిని నేను చదవలేదు. ఇన్ని పనులు చేశాను కదా అన్న ధీమాతో కాస్త నిటారుగానే నడిచాను కూడా.

అక్క మైక్రోస్కోపు దగ్గర లేదు. కిటికీ పక్క బల్ల మీద ఖాళీ గొట్టాలకు చీటీలు అంటిస్తోంది. కొత్త కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి.

"అడిగి మార్పించుకున్నాను. కొన్నాళ్ళు ఈ పని చేస్తాను. ఇందులో తప్పు జరిగినా ఎవరికీ ప్రమాదం ఉండదు" అంది.

నేను ఆమె ఎదురుగా కూర్చుని చెప్పాను. మధ్యలో కూర్చునే యంత్రం, నకలు, ఒక నెల గడువు, పనిచేయని రిఫ్రెష్ బటన్, అవన్నీ పెట్టింది నేనే అని. నీళ్ళు నములుతూ, ఒక ముక్క ముందు, ఒక ముక్క వెనక. చివరికి, "నువ్వు చదివింది నిజమే అక్కా. తెర మీద త్వరలో అనే ఉంది. నీ తప్పేం లేదు, నీకే జబ్బూ లేదు" అన్నాను.

ఆమె చేతిలోని చీటీ బల్ల మీద పెట్టింది. తర్వాత కళ్ళద్దాల కిందినుంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

"నాకు మతిపోలేదన్నమాట" అంది.

"లేదక్కా."

"నీకు ఎప్పుడు తెలిసిందిరా?"

అడుగుతుందని తెలుసు. మెట్లెక్కుతున్నప్పుడే జవాబు సిద్ధం చేసుకున్నాను.

"నిన్ననే."

ఆమె తల ఊపింది. ఆ ఊపులో నా మీద కోపం లేదు. పోయిన పరీక్ష కంటే తిరిగి దొరికిన మతి ఆమెకు ఎక్కువైంది. నేను బయటపడ్డాననుకున్నాను. అప్పుడామె చెయ్యి చాచి కాగితాలు అందుకుంది.

"ఎన్నిసార్లు చూశానో ఇందులో ఉందా?"

"రెండు వందల పన్నెండు సార్లు."

అక్క కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరిచింది. కోటు జేబులోంచి కౌంటరు తీసింది. పెన్సిలు మొనను మొదటి వరస మీద పెట్టి, ఒక్కో వరస దిగుతూ మీట నొక్కడం మొదలుపెట్టింది. టిక్కు, టిక్కు, టిక్కు. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె భుజాలు పని చేసే మనిషి భుజాల్లా నిలబడ్డాయి. నాకు ఆనందం వేసింది. చివరి కాగితం దగ్గర పెన్సిలు ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి లెక్కపెట్టింది.

"నావి రెండు వందల పదకొండేరా. ఇదొకటి నాది కాదు."

"ఏది?"

"ఇదిగో. ఇరవై రెండో తారీకు, పదకొండు గంటల పదమూడు నిమిషాలు. అది ఆదివారం. ల్యాబుకి తాళం. నేను ఇంట్లో దుప్పట్లు ఉతుకుతున్నాను."

సెక్యూరిటీ పుస్తకంలో నా సంతకం ఉంది. అది ఆమె అడగలేదు. నా ముఖం చూసింది, అంతే. పద్దెనిమిదేళ్ళు స్లైడులు చూసిన కళ్ళు అవి.

"నిన్న తెలిసిందన్నావు."



ఆమె గోడ మీద క్యాలెండరు వైపు తిరిగి, పెన్సిలుతో గాలిలోనే గళ్ళు లెక్కపెట్టింది. "ఇరవై రెండు నుంచి మూడో తారీకు దాకా పదకొండు రోజులు. ఆ ఉత్తరం నువ్వు చదివావు. నా ముందే చదివావు" అంది. గొంతు పెంచలేదు. పక్క బల్లావిడకు కూడా వినిపించి ఉండదు. "ఆరు రోజులకి కళ్ళ డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళావు. నా పక్కనే కూర్చున్నావు."

"అక్కా..."

"ఊరుకో."

కళ్ళద్దాలు తీసింది. వాటి కాడలు జాగ్రత్తగా మడిచి, నేను తెచ్చిన కాగితాల మీద, నా వైపు పెట్టింది.

"సాయంత్రం ఇంటికి రా. మీ బావకి నువ్వే చెప్పాలి, మొదటినుంచీ, ఈ ఆదివారంతో సహా. నేను పక్కనే ఉంటాను. ఏమీ మాట్లాడను. ఊరికే నీ పక్కన కూర్చుంటాను, నువ్వు నా పక్కన కూర్చున్నట్టే."

లేచి మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళింది. స్టూలు దగ్గరికి లాక్కుని, "పొద్దుటినుంచి వచ్చినవన్నీ ఇటివ్వమ్మా" అంది పక్కావిడతో.

"నేను రెండోసారి చూడాలా అక్కా?" అందావిడ.

"అక్కర్లేదు."

నేను కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని లేచాను. తలుపు దాటేదాకా మా అక్క నా వైపు తిరగలేదు, ఆ మీట చప్పుడు కూడా ఆగలేదు.